కార్తీకం నెయ్యి, వైశాఖం నెయ్యి

మా వంటింటి గూట్లో రెండు నెయ్యి సీసాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ మా ఎర్రావు నెయ్యే. రెండూ ఒకే గిన్నెలో నేను కాచినవే. కార్తీకంలో కాచింది చేమంతిపువ్వులా పసుప్పచ్చగా ఉంది. వైశాఖంలో కాచింది పాలిపోయి, కొవ్వొత్తి మైనంలా ఉంది. చూసినవాళ్లు రెండోదాంట్లో గేదె వెన్న కలిపానేమో అనుకుంటారు. కలపలేదు. ఆ ఆరు నెలల్లో మారింది ఒక్కటే, ఎర్రావు మేత. కార్తీకంలో గట్ల మీద గడ్డి మోకాలెత్తు ఉంటుంది. వైశాఖంలో ఎండుగడ్డి తప్ప వేరే గతి లేదు.

ఆ రంగు ఏమిటో నాకు ముందే తెలిసుంటే మా సాలలో ఒక పెయ్యదూడ బతికుండేదేమో. అందుకే ఇది రాస్తున్నాను. మాలాగా రెండు మూడు పాడి పశువులు పెట్టుకున్న ఆడవాళ్లు చదవాలని నా కోరిక, ఎందుకంటే దూడల్ని చూసేది మనమే.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే దారిలో మా ఊరు. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా, సంతలో రెండూ. ఏరు దాటి పాతపట్నం వెళ్తే బోర్డులన్నీ తెలుగులో ఉంటాయి, ఇక్కడ దాణా బస్తా మీద చీటీ చదవాలంటే నేను మా అమ్మాయిని పిలవాలి. ఇప్పుడు ఆవులు రెండు, గేదె ఒకటి. ఎర్రావు జెర్సీ సంకరం, మా ఆయన దాన్ని తొలిచూలు పెయ్యగా కొనుక్కొచ్చారు.

నాలుగేళ్ల కిందట ఎర్రావు జ్యేష్ఠంలో ఈనింది. ఆ ఏడు సంక్రాంతి తర్వాత చినుకు లేదు. చూలు చివరి మూడు నెలలూ అది తిన్నది వరిగడ్డి, కుడితి, ఇంత చిట్టు. పొద్దుగూకే వేళ దూడ పడింది. పెయ్య. నుదుట తెల్ల చుక్క. అరగంటలో తడబడుతూ లేచి తల్లి పొదుగు వెతుక్కుంటోంది. మా అత్త దాన్ని పలుపు వేసి పక్కకి లాగింది.

"మాయ పడకుండా దూడని ఒగ్గితే ఆవుకి ముప్పొస్తాదే. మాయ పడనీ ముందు."

ఇది మా అత్త ఒక్కర్తి మాట కాదు. మా అమ్మ అన్నది, ఊళ్లో అందరూ అనేది. మాయ పడేసరికి అర్ధరాత్రి దాటింది. ఈలోగా పొదుగు రాయిలా బిగిసిందని నేనే పాలు పిండాను. చిక్కగా, పసుపు ముద్దలా దిగిన జున్నుపాలు. తెల్లారి బెల్లం, యాలకులు వేసి జున్ను వండి ఏడిళ్లకు పంపాం. దూడకి దక్కింది రెండో పూట పాలు, అదీ తల్లి అప్పటికి సగం చేపు పట్టేసినవి. ఐదో రోజుకి పారుడు పట్టుకుంది. తర్వాత దగ్గు. పంతొమ్మిదో రోజు పొద్దున లేచి చూస్తే మెడ పక్కకి వాల్చి ఉంది. ఆ జున్ను నేనూ తిన్నాను. ఇప్పటికీ ఎవరైనా జున్ను గిన్నె చేతికిస్తే ముందు దూడ సంగతి అడిగి గాని పుచ్చుకోను.

అప్పుడు నాకు తెలియనిదీ, తర్వాత తెలుసుకున్నదీ ఇది. తల్లి కడుపులో ఉన్న దూడకి ఏ (A) విటమిన్, ఈ (E) విటమిన్ మాయ దాటి పెద్దగా అందవు. అంటే ఆవు ఎంత బలమైనదైనా దూడ ఖాళీ గాదెతోనే పుడుతుంది. ఆ గాదె నిండేది జున్నుపాలతో. జున్నుపాల పసుపు అంటే ఆకుపచ్చ మేతలోంచి వచ్చిన కెరోటిన్ (ఒంట్లో ఏ విటమిన్‌గా మారే రంగు), దాంతోపాటు తయారుగా ఉన్న ఏ విటమిన్. రోగాలతో పోరాడే శక్తి కూడా ఆ పాలలోనే వస్తుంది. ఆ శక్తిని దూడ పేగు నేరుగా రక్తంలోకి పుచ్చుకునేది మొదటి కొన్ని గంటలే. గంటలు గడిచేకొద్దీ ఆ తలుపు మూసుకుంటూ, ఒక్క రోజు తిరిగేసరికి పూర్తిగా మూతపడుతుంది. మేము ఆ తలుపు ముందు దూడని పలుపుతో కట్టేసి కూర్చున్నాం.

మాయ మాట కూడా తిరగేసి చెప్పుకుంటున్నాం మనం. దూడ చన్ను కుడిస్తే తల్లికి పాలు చేపుకొస్తాయి కదా, ఆ చేపుని తెచ్చే స్రావమే గర్భసంచిని కూడా ముడుచుకునేలా చేస్తుంది. దూడ తాగితే మాయ పడటానికి సాయమే గాని అడ్డం కాదు. ఇప్పుడు మా ఇంట్లో దూడ లేచి నిలబడ్డ గంటలోపు మొదటి గుక్క పడాలి. పాతిక కిలోల దూడకి బరువులో పదోవంతు, రెండున్నర లీటర్ల జున్నుపాలు మొదటి రోజే పట్టాలి, అందులో సగం మొదటి రెండు గంటల్లోనే. చన్ను అందుకోలేని దూడకి గిన్నెలో పిండి, నా చూపుడువేలు పాలలో ముంచి నోట్లో పెడతాను. నాలుక గరుగ్గా వేలికి చుట్టుకుని లాగుతుంది. అప్పుడు చెయ్యి మెల్లగా గిన్నెలోకి దించితే వేలు వెంట మూతి వస్తుంది. రెండు మూడు సార్లు ముక్కులోకి పోయి తుమ్ముతుంది, నాలుగోసారికి నేర్చేసుకుంటుంది. దానికి సరిపడా పట్టాక మిగిలితేనే జున్ను.

ఇక్కడితో అయిపోయింది అనుకున్నాను. కాలేదు.

తర్వాతి ఈత మాఘంలో. అదీ పెయ్యే. పేరు గౌరి. దీనికి జున్నుపాలు వేళకే పట్టాం, చక్కగా నిలబడింది. కానీ ఐదో వారం నుంచి పాలు తగ్గించేశాం. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బిస్తారు, ఇంట్లో ఆ డబ్బుతోనే గడవాలి. గౌరికి ఒక చన్ను వదిలేవాళ్లం, అదీ సగం పిండి. మిగతా కడుపుకి వెన్న తీసిన మజ్జిగ, గంజి, ఎండుగడ్డి. వైశాఖానికి దాని వెంట్రుక రేగి, నిక్కబొడుచుకుని, కళ్ల నుంచి నీరు కారుతూ ఉండేది. ఒక దుకాణంలో అడిగితే లివర్ టానిక్ ఇచ్చి, రోజూ ఇంత పట్టమ్మా, కళ్ల దగ్గర్నించి కాళ్ల దాకా అన్నిటికీ పనిచేస్తుంది అన్నారు. రెండు నెలలు పట్టాను. మూడు సీసాలు.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ గౌరిని ఒక కట్టుకొయ్య నుంచి ఇంకో కొయ్యకి మారుస్తున్నాను. దారిలో కుడితి తొట్టి ఉంది, అది పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. గౌరి నేరుగా వెళ్లి మోకాళ్లతో దాన్ని గుద్దుకుంది. వెనక్కి తగ్గి, తల దించి, మూతితో గాలి తడుముకుంటున్నట్టు నిలబడిపోయింది. పగలు అదే తొట్టి పక్క నుంచి గెంతుతూ పోయేది.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చారు. ఆయన ఒడియా మనిషి, తెలుగు కలిపి మాట్లాడతారు. పగలు చూసి ఏమీ చెప్పలేదు. సాయంత్రం దాకా కూర్చుని, చీకటి పడుతుండగా నేల మీద ఒక కర్ర అడ్డం పెట్టించి, దూడని వదలమన్నారు. గౌరి కర్ర మీద తూలి పడింది. ఆయన ఎండుగడ్డి కుప్పలోంచి ఒక గుప్పెడు లాగి నా చేతిలో పెట్టారు.

"మౌసీ, ఈ నొడాలో పచ్చదనం ఏదీ? చూపించు."

ఏముంది, గడ్డి తెల్లగా ఎండి ఉంది. అది రేచీకటి అని, ఏ విటమిన్ లేక వచ్చిందని, ఇంకా ఆలస్యం చేస్తే ఎదిగే దూడల్లో కంటి నరం వెళ్లే ఎముక దారి ఇరుకైపోయి నరం నలిగిపోతుందని, అప్పుడు ఎన్ని సూదులు వేసినా చూపు తిరిగి రాదని చెప్పారు. నాకు కాళ్లలో బలం పోయింది. ఆయన సూది వేశారు. మళ్లీ ఎప్పుడు వెయ్యాలో తానే చెప్తానని, నా అంతట నేను కొని వెయ్యొద్దని గట్టిగా అన్నారు. ఏ విటమిన్ నీళ్లలో కొట్టుకుపోయేది కాదు, కాలేయంలో నిలవ ఉండిపోతుంది, ఎక్కువైతే అదే విషం.

ఆ రాత్రి మా అమ్మాయి చేత టానిక్ సీసా చీటీ చదివించాను. అది ప్లస్ టూ చదువుతోంది. బి1, బి2, బి6, బి12, నియాసిన్, కాలేయ సారం. ఏ లేదు. డి లేదు. ఈ లేదు. మూడు సీసాలు పోసి నేను దూడకి దానికి అక్కర్లేనిది పట్టాను, కావలసింది పట్టలేదు. అన్నిటికీ పనిచేస్తుందన్న ఆ ఒక్క మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఈ తేడా తెలియడమే అసలు సంగతి. నెమరు వేసే పశువు పెద్ద పొట్టలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. బి జాతి విటమిన్లన్నీ, కె విటమిన్ అవే తయారు చేసిపెడతాయి. దూడ పుట్టినప్పుడు ఆ పొట్ట ముడుచుకుని ఉంటుంది, తాగిన పాలు దాన్ని దాటేసి నేరుగా అసలు జీర్ణాశయానికి పోతాయి. అందుకని మొదటి వారాల్లో బి విటమిన్లు పాల నుంచే రావాలి, పాలలో అవి ఉంటాయి. రెండు మూడు వారాలకి దూడ గడ్డిపోచ నమలడం, నెమరు వేయడం మొదలుపెడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి, గింజ దాణా తింటూ ఉంటే, ఆ పొట్ట పనిలో పడుతుంది. అప్పటి నుంచి మామూలుగా ఉన్న దూడకి బి సీసాతో పని లేదు. పారుడుతో పాలు మానేసిన పసిదూడకి డాక్టరు బి ఇస్తే అది వేరే మాట. సి విటమిన్ మనకిలాగా నిమ్మకాయలోంచి రానక్కర్లేదు, మూడు నాలుగు వారాలు దాటిన దూడ కాలేయమే చేసుకుంటుంది.

మిగిలినవి మూడు. ఏ, డి, ఈ. ఈ మూడూ కొవ్వులో కరిగేవి. ఈ మూడూ బయట నుంచి రావాల్సిందే.

మా అమ్మాయి ఫోన్‌లో వెతికి ఒక పాత సంగతి చదివి వినిపించింది. అమెరికాలో విస్కాన్సిన్ అనే చోట 1907 నుంచి 1911 దాకా పదహారు పెయ్యల్ని నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకి మొక్కజొన్న మొక్క, ఒక గుంపుకి గోధుమ, ఒకదానికి ఓట్స్, ఇంకోదానికి మూడూ కలిపి పెట్టారట. మాంసకృత్తులూ బలమూ లెక్కకి అన్నీ సమానమే. మొక్కజొన్న తిన్నవాటి దూడలు గట్టిగా పుట్టాయి. గోధుమ తిన్నవాటికి నెలలు నిండకుండా, చచ్చిన దూడలో, నిలవని దూడలో పుట్టాయి, ఆవులకి కళ్లు పోయాయి. లెక్కలో కనబడనిది మేతలో ఇంకేదో ఉందని అప్పుడు తెలిసింది. అక్కడే 1913లో మెక్‌కాలమ్, డేవిస్ అనేవాళ్లు వెన్నలో ఆ 'ఇంకేదో' ఉందని ఎలుకల మీద చూపించారు. దానికే తర్వాత ఏ విటమిన్ అని పేరు. 1919లో అదే చోట స్టీన్‌బాక్ అనే ఆయన పసుపు రంగుకీ దీనికీ ఏదో చుట్టరికం ఉందని పట్టుకున్నాడు. మేతలోని పసుపే ఒంట్లో ఏ విటమిన్‌గా మారుతుందని 1930లో తేలింది.

వెన్నలో ఉంది అన్నమాట దగ్గర నేను ఆగిపోయాను. గౌరికి నేను పట్టింది వెన్న తీసిన మజ్జిగ. వెన్న చిలికి, కాచి, గూట్లో పెట్టాను. దాని కంటిచూపు నా నెయ్యి సీసాలోకి పోయింది. ఆ నెయ్యి కూడా పాలిపోయిన వైశాఖం నెయ్యే, అందులోనూ ఉండాల్సినంత లేదు. గూట్లో రెండు సీసాలు పక్కపక్కన పెట్టడం ఆ తర్వాత మొదలుపెట్టాను, ప్రతి ఏడూ పెడుతున్నాను. ఎర్రావు నెయ్యి ఏ నెలకి పాలిపోతే ఆ నెల నుంచి దూడకి కరువు మొదలైనట్టు నాకు లెక్క. (గేదె నెయ్యితో ఈ లెక్క కుదరదు. గేదె పసుపునంతా ఏ విటమిన్‌గా మార్చేసి పాలలోకి దింపుతుంది కాబట్టి దాని పాలు ఎప్పుడూ తెల్లనే.)

ఎంత కావాలి అంటే, అమెరికా జాతీయ పరిశోధన మండలి 2001లో వేసిన లెక్క ఒకటుంది. దూడ ఒంటి బరువు కిలోకి రోజుకి 110 అంతర్జాతీయ యూనిట్ల (విటమిన్లకి వాడే కొలత, ఐయూ) ఏ విటమిన్. ముప్పై కిలోల పసిదూడకి 3,300, అరవై కిలోలకి ఎదిగితే 6,600. పచ్చిమేత మేసే ఆవు పాలలో లీటరుకి వెయ్యి పైచిలుకు ఉంటుంది, కాబట్టి మూడు లీటర్లు తాగే పసిదూడకి ఇంచుమించు సరిపోతుంది. మేం గౌరికి వదిలింది రోజుకి లీటరు కూడా కాదు, అదీ ఎండుగడ్డి ఆవు పాలు. దూడ దాణా కొంటే కిలోలో ఏ 4,000, డి 600, ఈ 25 యూనిట్లన్నా ఉండాలని అదే లెక్క చెప్తుంది. నేనిప్పుడు చీటీ చదివించుకోకుండా బస్తా దించనివ్వను. ఖనిజ లవణాల పొట్లాలు కొన్నిటిలో విటమిన్లు అసలుండవు, అది కూడా చీటీలోనే తెలుస్తుంది. ఒకేసారి నాలుగు బస్తాలు కొని నిలవ చెయ్యడం మానేశాను, వేడికీ చెమ్మకీ ఏ విటమిన్ విరిగిపోతుంది.

డి విటమిన్ పాలలో తక్కువే. అది ఎండలో ఉంది. మా సాల వెనక గది చీకటి, నక్కల భయానికి దూడల్ని అందులోనే కట్టేవాళ్లం. ఇప్పుడు పొద్దున పొద్దెక్కేదాకా వాకిట్లో కడతాను, ఎండ ముదరగానే చింతచెట్టు నీడకి మారుస్తాను. ఈ (E) విటమిన్ పచ్చి ఆకులోనూ తాజా చిట్టులోనూ ఉంటుంది. చిట్టు నిలవుండి కారువాసన వస్తే అందులోది పోయినట్టే. మిల్లు నుంచి వారానికి సరిపడా తెచ్చుకుంటాం.

ఇంకో మాట మరచిపోకూడదు. నులిపురుగులుంటే ఎంత పెట్టినా పేగు పుచ్చుకోదు. గేదె దూడలకి తల్లి పాలలోంచే పెద్ద పురుగులు వస్తాయి, పది పదిహేను రోజుల వయసులోనే మందు పడాలి, ఎంత వెయ్యాలో డాక్టరు చెప్తారు.

గౌరి సంగతి చెప్పలేదు కదూ. సూది తర్వాత మా ఆయన రోజూ సైకిల్ మీద ఏటి గట్టు దాకా వెళ్లి పచ్చగడ్డి కోసుకొచ్చారు. నేను పెరట్లో మునగాకు, అవిశాకు దూసి కొంచెం కొంచెం పెట్టాను. ఒకేసారి బుట్టెడు పెడితే పేడ పలచనవుతుంది. రోజుకి రెండు లీటర్ల పాలు వెన్న తీయకుండా దానికే వదిలాం. కేంద్రంలో డబ్బు తగ్గింది, ఆ నెల కిరాణా కొట్లో అప్పు రాయించాం. రోజూ దీపాల వేళ దాన్ని తొట్టి పక్క నుంచి నడిపించేదాన్ని. మొదట్లో గుద్దుకునేది. తర్వాత తొట్టి దగ్గరకొచ్చి ఆగిపోయేది. ఆషాఢం చివర ఒక సాయంత్రం, వాన వెలిసింది, దీపం ఇంకా పెట్టలేదు, గౌరి తొట్టిని చుట్టి తిరిగి వెళ్లి తన కొయ్య దగ్గర నిలబడింది. మా అత్తని కేకేశాను. ఆవిడ వచ్చి, దాన్ని మళ్లీ ఇవతలికి తెచ్చి, మళ్లీ నడిపించి చూసింది.

"కళ్లొచ్చీసినాయే దీనికి" అంది. తర్వాతి ఈతలో మాయ పడకముందే దూడని పొదుగు దగ్గరికి తోసింది ఆవిడే.

వేసవి మాత్రం ప్రతి ఏడూ వస్తుంది. కార్తీకం మేతతో ఆవు కాలేయంలో పోగేసుకున్నది కొన్ని నెలలు కాస్తుంది, మాఘంలోనో జ్యేష్ఠంలోనో ఈనే ఆవుకి చూలు చివరి రెండు నెలలూ పచ్చిది పడకపోతే అదీ అయిపోతుంది. అందుకని నిరుడు వరి కోయకముందే తడిలో పది సెంట్లు పిల్లిపెసర చల్లించాం. మా ఆయన మినుము వేద్దామన్నారు, నాలుగు రోజులు మాటలు లేవు మా మధ్య, చివరికి ఒప్పుకున్నారు. పూత మీద కోసి సగం పచ్చిది వేశాం. మిగతా సగం ఒక్క పూట ఎండలో వాడ్చి, తర్వాత సాల చూరు కింద వెదురు దండెం మీద నీడన ఆరేశాం. ఎండలోనే వదిలేస్తే రెండు రోజుల్లో రంగు పోతుంది, రంగుతోపాటు ఏ విటమిన్ పోతుంది. నీడన ఆరింది చైత్రంలో చేత్తో నలిపితే ఇంకా ఆకుపచ్చగా ఉంది, చాయ్‌పత్తి వాసన. సవర గిరిజనులు సంతకి తెచ్చే మొక్కజొన్నలో పచ్చ గింజ ఏరి కొని దూడల దాణాలో ఆడించాను, తెల్ల గింజలో ఆ పసుపు ఉండదు.

ఈ వైశాఖం సీసా నిరుటి వైశాఖం సీసాకంటే ఒక రవ్వ పసుపుగా ఉంది. మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు, వెలుగు తేడా అంటోంది. ఈ ఏడు పదిహేను సెంట్లు అడిగాను. గౌరికి ఇప్పుడు నాలుగో నెల చూలు, పుష్యం మాఘాల్లో ఈనొచ్చు. దాని దూడకి ముందు నుంచే సర్దుకోవాలి.